గడియార స్తంభం దగ్గర దిగవలసినవారు

పాత సామాన్ల నిర్ధారణ శాఖ అని ఒకటి ఉండేదని చాలామందికి తెలియదు. ప్రభుత్వ కార్యాలయంలో కుర్చీ విరిగితే అది విరిగినట్టు కాదు. ఆ శాఖవారు వచ్చి, చూసి, దానిమీద కూర్చుని, కింద పడి, పడినట్టు రాసుకుని, కింది నుంచి పైదాకా అందరూ సంతకాలు పెడితే అప్పుడు విరిగినట్టు. ఈలోగా ఆ కుర్చీ తాలూకు ఉద్యోగి నిలబడి పనిచేసేవాడు, లేదా నిలబడి పని మానేసేవాడు. ఇంతటి బాధ్యత మోసినవాళ్లు కాబట్టి, ఆ శాఖలో రిటైరైనవాళ్లకు రిటైరవడం ఒక పట్టాన చేతకాలేదు. అందరూ కలిసి విశ్రాంత ఉద్యోగుల సంఘం పెట్టుకున్నారు. సంఘంలో ఎవరి హోదా వాళ్లదే. డైరెక్టరుగా దిగిపోయినాయన అధ్యక్షుడు, జాయింట్ డైరెక్టర్లు ఉపాధ్యక్షులు, సూపరింటెండెంట్లు పని చేసేవాళ్లు.

చింతాడ లక్ష్మునాయుడు సూపరింటెండెంటు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరివాడు. ఉద్యోగమంతా ఇతరులు రాసినదానికి వంకలు పెట్టడంలోనూ, తను రాసినదానికి వంక దొరక్కుండా చూసుకోవడంలోనూ గడిపాడు. ‘ఎట్టి పరిస్థితులలోనూ’ అనే మాటని ఆయన వాడినంత ఒడుపుగా శాఖలో ఎవరూ వాడలేదని చెప్పుకునేవారు. సంఘం వాళ్లకి ఏ నిబంధన కావలసినా ఆయన దగ్గరికే వచ్చేవారు.

అలా వచ్చిందే అవరోహణ నియమావళి. పోయినేడు సంఘం వాళ్లు బస్సులో అరకు వెళ్లారు. అధ్యక్షులవారు బస్సు దిగేసరికి ఒక జూనియర్ అసిస్టెంటు అప్పటికే కింద నిలబడి టీ తాగుతూ కనిపించాడు. తాగుతూనే, గ్లాసు చేతిలో ఉండగానే, నమస్కారం పెట్టాడు. అధ్యక్షులవారికి అరకు కనిపించలేదు, ఆ గ్లాసే కనిపించింది. తిరిగొచ్చాక కమిటీ వేశారు. లక్ష్మునాయుడు ఇంట్లో తలుపులేసుకుని కూర్చుని ముసాయిదా రాశాడు. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: ‘సీనియారిటీలో పైవారు తమ రెండు పాదములను నేలపై మోపినట్లు నిర్ధారణ అయిన పిదప మాత్రమే తదుపరి వారు దిగుటకై తమ సీటు నుండి లేవవలెను. ఎట్టి పరిస్థితులలోనూ దీనికి మినహాయింపు ఉండరాదు.’ మహాసభలో చదివితే చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఆ రాత్రి లక్ష్మునాయుడు భార్యకి ఆ వాక్యం రెండుసార్లు వినిపించాడు. ఆవిడ రెండోసారికి నిద్రపోయింది.

ఈ ఏడు సంఘం సముద్రయానం పెట్టుకుంది. చెన్నైలో పెద్ద విహార నౌక ఎక్కి, మలేసియాలో పెనాంగు దీవికి వెళ్లి, అక్కడ జార్జిటౌను పట్టణంలో ఒక పగలంతా తిరిగి, సాయంత్రం మళ్లీ ఓడెక్కి వెనక్కి రావడం. మిగతావాళ్లు ఓడ కోసం వచ్చారు, ఓడలో భోజనం కోసం వచ్చారు. లక్ష్మునాయుడు మాత్రం ఆ ఒక్క పగటి కోసం వచ్చాడు.

అక్కడ ఆయన అక్క ఉంది, వాళ్ల వైపు అప్ప అంటారు. పేరు గున్నమ్మ. మలయా నుంచి పెళ్లికూతురి కోసం సొంత జిల్లా వెతుక్కుంటూ వచ్చిన రబ్బరు తోట మేస్త్రీని చేసుకుని, తమ్ముడు ఇంకా నిక్కర్లు తొడుక్కునే రోజుల్లోనే ఓడెక్కి వెళ్లిపోయింది. తల్లి పోయినప్పుడు ఒక్కసారి వచ్చింది. ఆ తరవాత ఫోనులో గొంతు, ఈ మధ్య ఫోనులో మొహం. అంతే. ఆమె మోకాళ్లు అరిగిపోయాయి, ప్రయాణాలు మానేసింది. పోనీ తనే వెళ్దామని లక్ష్మునాయుడు ఉద్యోగంలో ఉండగా పాస్‌పోర్టుకి నిరభ్యంతర పత్రం కోసం దరఖాస్తు పెట్టాడు. ‘దరఖాస్తుదారు విదేశమందున్న సోదరిని చూడవలసిన ఆవశ్యకత నిరూపించబడలేదు’ అని తిరుగుటపాలో వచ్చింది. ఆ వాక్యం రాసింది లక్ష్మునాయుడే. దరఖాస్తు ఆయన సెక్షనుకే వచ్చింది, చేతి అలవాటు కొద్దీ రాసేశాడు. పైగా వాక్యం బాగా కుదిరిందని ఇంకోసారి చదువుకున్నాడు కూడా.

ఇప్పుడు రిటైరయ్యాడు, పాస్‌పోర్టు వచ్చింది, ఓడెక్కాడు. గున్నమ్మ ఉండేది పెనాంగు దీవికి ఎదురుగా, నీటికి అవతలి ఒడ్డున. పొద్దున్నే బల్లకట్టు మీద దాటి వచ్చి, ఊళ్లో గడియార స్తంభం ఎదురుగా ఉన్న సిమెంటు బెంచీ మీద కూర్చుంటానంది. ‘వంకాయా ఎండురొయ్యలూ అమ్మ వొండినట్టే వొండి తెత్తాను, తిననేనని సెప్పకు’ అంది. లక్ష్మునాయుడు ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఓడలో పెట్టిన నానా దేశాల భోజనం మీద ఆశ వదులుకున్నాడు.

పర్యటన పట్టికలో బస్సు మొదట ఆగేది గడియార స్తంభం దగ్గరే. నిజానికి రేవు గేటు దగ్గర నిలబడితే ఆ స్తంభం కనిపిస్తుంది. నడిస్తే బీడీ కాలేలోగా చేరిపోవచ్చు. కానీ నడక నియమావళి ఇంకా ముసాయిదా దశలోనే ఉంది. అందుకని బస్సు మాట్లాడారు.

ఇక్కడ ఇద్దరు ఉపాధ్యక్షుల సంగతి చెప్పాలి. పరాంకుశం గారు, మహానందయ్య గారు ఒకే రోజు, ఒకే పూట, ఒకే గదిలో ఉద్యోగంలో చేరారు. ముందు గదిలోకి అడుగుపెట్టింది తనని పరాంకుశం గారి వాదన. ముందు కుర్చీలో కూర్చుంది తనని మహానందయ్య గారి వాదన. వయసులో ఉండగా దావా వేసుకున్నారు. ఇద్దరికీ జుట్టు నెరిసింది, ఆపైన ఊడింది. దావా మాత్రం ఇప్పటికీ నిగనిగలాడుతోంది. అది తేలేవరకు ఎవరూ ఎవరికన్నా ముందు కాకుండా యథాతథ స్థితి కొనసాగించాలని ఉత్తర్వు ఉంది. శాఖవారు దాన్ని గౌరవించి, ప్రధాన కార్యాలయం గుమ్మం పగలగొట్టి, ఇద్దరు లావుపాటి మనుషులు పక్కపక్కన పట్టేటట్టు వెడల్పు చేయించారు. గుమ్మం వెడల్పయ్యాక పైన గోడ వంగింది. అది వంగిందని నిర్ధారించవలసింది ఆ శాఖే కాబట్టి ఇంకా వంగలేదు.

ఓడలో ఇబ్బంది రాలేదు. భోజనశాలకి రెండు రెక్కల తలుపులున్నాయి. రేవులోకి దిగేటప్పుడు సామాన్లు దించే వెడల్పాటి వంతెన అడిగి వేయించుకున్నారు. ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ పెళ్లివారిలా దిగారు. బస్సు ఎక్కడానికి నియమావళి లేదు, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కారు. అందరికన్నా ముందు దిగవలసిన అధ్యక్షులవారికి సముద్రం పడలేదు. ఓడ గదిలో బకెట్టు ముందు కూర్చుని, ‘నా సమస్త అధికారములను నా తదుపరి సీనియరుకు దఖలు పరుస్తున్నాను’ అని ప్రకటించి, మళ్లీ బకెట్టు వైపు తిరిగారు.

ఆ తదుపరి సీనియరు ఎవరో తేలాల్సింది కోర్టులో.

బస్సులో గైడు ఒక చలాకీ అమ్మాయి. మైకు పట్టుకుని, "నమస్కారం, నా పేరు కస్తూరి లా. మా తాతలు విజయనగరం సైడు. నాకు తెలుగు కొంచెం కొంచెం వచ్చు లా" అంది. అక్కడివాళ్లు ప్రతి మాట చివరా ఆ ‘లా’ తగిలిస్తారు. అందరూ మురిసిపోయి చప్పట్లు కొట్టారు. బస్సు మలుపు తిరిగి గడియార స్తంభం ఎదురుగా ఆగింది. ముందు తలుపు బుస్సుమని తెరుచుకుంది.

"గడియార స్తంభం. దిగండి లా."

బస్సు మధ్య వరసలో కిటికీ పక్కన కూర్చున్న లక్ష్మునాయుడికి బెంచీ కనిపించింది. బెంచీ మీద పువ్వుల చీర, ఒళ్లో టిఫిను క్యారేజీ, పక్కన గొడుగు. ఫోనులో కనిపించే దానికన్నా చిన్నగా ఉంది అప్ప. అమ్మలా అయిపోయింది. లేవబోయి, నియమావళి గుర్తొచ్చి, కూర్చున్నాడు.

ఎవరూ లేవలేదు. అందరూ ముందు వరస వైపు చూస్తున్నారు. ముందు వరసలో దారికి ఇటు పరాంకుశం గారు, అటు మహానందయ్య గారు నిటారుగా కూర్చుని తలుపు వైపు చూస్తున్నారు.

"సార్, దిగండి లా" అంది కస్తూరి పరాంకుశం గారితో.

"అమ్మాయీ, నేను ముందు దిగినచో అది యథాతథ స్థితి ఉల్లంఘన కింద పరిగణించబడును" అన్నారాయన.

"అయితే ఈ సార్ దిగండి."

"వారిని దిగనిచ్చినచో వారు సీనియరని నేను అంగీకరించినట్లగును" అన్నారు పరాంకుశం గారే.

"సదరు అభిప్రాయముతో నేనును ఏకీభవించుచున్నాను" అన్నారు మహానందయ్య గారు. ఆ ఇద్దరూ ఒక విషయంలో ఏకీభవించడం ఉద్యోగంలో చేరిన తరవాత అదే మొదటిసారి. వెనక సీట్లలో కొందరు చప్పట్లు కొట్టారు.

సంఘం కార్యదర్శి రామలింగస్వామి ఇద్దరి వెనక సీట్లో ఉంటాడు. సన్నటి మనిషి, పెద్ద గొంతు. "ఇద్దరు సార్లూ ఒకేసారి దిగితే సరిపోతుంది కదండీ" అన్నాడు. దానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. లేచి, పక్కపక్కన నిలబడి, ఊపిరి బిగించి, తలుపులోకి అడుగేశారు. ఆ తలుపు ఆ దేశపు మనుషుల కొలతకి చేసింది. పరాంకుశం గారి కుడి భుజం, మహానందయ్య గారి ఎడమ భుజం, రెండు పొట్టలు కలిసి మెట్టు మీద బిరడాలా బిగుసుకుపోయాయి. వెనక్కి లాగుదామంటే, ముందు వెనక్కి వచ్చినవాడు జూనియరవుతాడేమోనని ఇద్దరూ తలుపు కమ్మీలు పట్టుకుని వదల్లేదు. చివరికి కార్యదర్శి ఒకరినీ, కోశాధికారి ఒకరినీ పట్టుకుని, అందరూ కలిసి ‘ఒకటీ, రెండూ’ అని, సమానంగా లాగారు. ఇద్దరూ ఒక్కసారే వచ్చి ఎవరి సీట్లో వాళ్లు పడ్డారు. ఎవరి చొక్కా ఎక్కువ చిరిగిందో పోల్చుకున్నారు. సమానమే.

ఈలోగా ట్రాఫిక్ పోలీసు వచ్చి బస్సు అద్దం మీద తట్టాడు. ఇక్కడ ఎక్కువసేపు ఆపకూడదట. డ్రైవరు టాన్ అనే చీనా ముసలాయన, ఒక్క మాట మాట్లాడకుండా బస్సు కదిపాడు. లక్ష్మునాయుడు కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించాడు. బెంచీ మీద గున్నమ్మ నవ్వుతూ చెయ్యి ఊపింది. బస్సు వెళ్లిపోతోందని ఆమెకి ఇంకా తెలియలేదు, చెయ్యి ఊపుతూనే ఉంది.

ఊరంతా చుట్టి మళ్లీ అక్కడికే వద్దామని కస్తూరి చెప్పింది. దారిలో బౌద్ధాలయం వచ్చింది. బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది, ఎవరూ దిగలేదు, తలుపు మూసుకుంది. కొండ మీదికి వెళ్లే రైలు వచ్చింది. తెరుచుకుంది, మూసుకుంది. అందరూ అద్దాల్లోంచి ఫోటోలు తీసుకున్నారు. ప్రతి ఫోటోలోనూ ముందు సీటువాడి బట్టతల పడింది. కార్యదర్శి మాత్రం స్థలం వచ్చినప్పుడల్లా లేవకుండానే, "సందర్శించబడినది" అని ప్రకటిస్తూ వచ్చాడు.

రెండోసారి గడియార స్తంభం దగ్గరికి వచ్చేసరికి గున్నమ్మ లేచి నిలబడి ఉంది. ఒక చేత్తో గొడుగు ఊతంగా పట్టుకుని, రెండో చేత్తో టిఫిను క్యారేజీ ఎత్తి చూపించింది. తలుపు తెరుచుకుంది. ఎండలోంచి వేడిగాలీ, ఎక్కడో వేగుతున్న ఉల్లిపాయ వాసనా లోపలికి వచ్చాయి. వాటికి సీనియారిటీ లేదు కాబట్టి రాగలిగాయి. పోలీసు ఈల వేశాడు. బస్సు కదిలింది.

లక్ష్మునాయుడి ఫోను మోగింది.

"ఏట్రా లచ్చుమా, బస్సు ఎల్లిపోతంది? ఆ డైవరుకి బిరేకులు నేవా?"

"ఉన్నాయప్పా. ఇక్కడ చిన్న... రూలుంది. పెద్దోళ్లు దిగితే గానీ మేం దిగకూడదు."

"అయితే పెద్దోల్లని దిగమను."

"వాళ్లిద్దరిలో పెద్దెవరో తేలలేదప్పా."

"ఎవుడ్రా ఇలాటి రూలు రాసినాడు? ఆడి సేతులు ఇరిగిపోను."

లక్ష్మునాయుడు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ఎవుడ్రా అంతన్నాను?"

"నానేనప్పా" అన్నాడు, పక్క సీటాయనకి వినపడకుండా.

"సరేలే. ఇంకో సుట్టు తిరిగొత్తావు గదా, కూకుంటాను. కూర సల్లారిపోతంది" అంది గున్నమ్మ. చిన్నప్పుడు లెక్కల్లో సున్నా తెచ్చుకున్నప్పుడు కూడా ఆమె సరేలే అనే అంది. లక్ష్మునాయుడికి అది గుర్తొచ్చి తిట్టినదానికన్నా ఎక్కువ నొప్పి పుట్టింది.

బస్సులోనే అత్యవసర కార్యవర్గ సమావేశం జరపాలని నిర్ణయించారు. సమావేశానికి అధ్యక్షత వహించవలసింది సీనియరు. ఆ సంగతి ఎత్తకుండా కార్యదర్శే మైకు తీసుకున్నాడు.

"ప్రస్తుత పరిస్థితిని అధిగమించుటకు నియమావళిలో ఏదేని వెసులుబాటు గలదా యని ముసాయిదా రచయిత లక్ష్మునాయుడు గారు సెలవివ్వగలరు."

లక్ష్మునాయుడు కూర్చునే చెప్పాడు. "లేదండీ."

"కిందివారు ముందు దిగుటకు?"

"అనుమతి లేదండీ. ఎట్టి పరిస్థితులలోనూ అని ఉంది."

"వెనకవైపు అత్యవసర ద్వారం గలదు కదా?"

"‘ఏ ద్వారము గుండా నైనను’ అని ఉపనిబంధన పెట్టానండీ."

"కిటికీ?"

"‘ద్వారము అనగా మనిషి పట్టు ఏ రంధ్రమైనను’ అని నిర్వచనంలో ఉందండీ."

పరాంకుశం గారు సీట్లోంచే వెనక్కి తిరిగారు. ఆయన కళ్లు చెమర్చాయి. "నాయుడూ, శభాష్. ఎక్కడా సందు లేదు. మా కాలంలో ఇలాంటి డ్రాఫ్టింగు నేను చూడలేదు."

"నేనును చూడలేదు" అన్నారు మహానందయ్య గారు, ఆ మాట పరాంకుశం గారొక్కరిదే కాకుండా.

బస్సంతా మళ్లీ చప్పట్లు. లక్ష్మునాయుడు జీవితంలో ఎప్పుడూ అంతగా సిగ్గుపడలేదు.

అప్పుడు వెనక నుంచి లెక్కల విభాగంలో రిటైరైన సోమిదేవయ్య గారు చెయ్యెత్తారు. చాలాసేపటి నుంచి ఎత్తి ఉంచారట, ఎవరూ చూడలేదు. ఆయనకి లఘుశంక. సభ గంభీరమైంది. లఘుశంక నిమిత్తం దిగడం కూడా దిగడమే అవుతుందా అనే అంశం మీద చర్చ జరిగింది. అవుతుందని తేలింది. మానవతా దృక్పథంతో పరిశీలించాలని ఒకరన్నారు. మానవతా దృక్పథంతో పరిశీలించే అధికారం అధ్యక్షులవారికే ఉందని కార్యదర్శి చెప్పి, ఓడకి ఫోను చేశాడు. అధ్యక్షులవారు విషయం పూర్తిగా విని, "పరిశీలనలో ఉన్నది" అన్నారు. ఆ తరవాత బకెట్టు చప్పుడు. కస్తూరి జాలిపడి ఒక ఖాళీ నీళ్ల సీసా అందించింది. వెనక వరసవాళ్లు శాలువాలు అడ్డం పట్టారు. సంఘం సన్మానాల్లో కప్పిన శాలువాలు దేనికైనా పనికిరావడం అదే తొలిసారి.

చుట్లు తిరుగుతూనే ఉన్నారు. కస్తూరి మైకులో చెప్పిందే చెప్పి, చివరికి మానేసి, డ్రైవరు పక్కన కూర్చుని బిస్కెట్లు తింటోంది. ప్రతి చుట్టులోనూ గున్నమ్మ అక్కడే ఉంది. ఒకసారి గొడుగు వేసుకుని. ఒకసారి చెప్పులు విడిచి మోకాలు రాసుకుంటూ. ఒకసారి ట్రాఫిక్ పోలీసుతో మాట్లాడుతూ, బస్సు వైపు చూపిస్తూ. ఆ పోలీసు బస్సు వైపు చూసిన చూపులో ఇప్పుడు కోపం లేదు, జాలి ఉంది. ఈల కూడా మెల్లిగానే వేశాడు.

"ఇదే లాస్టు రౌండు లా" అంది కస్తూరి మైకులో. "తరవాత నేరుగా ఓడకే. లేటయితే ఓడ ఆగదు."

లక్ష్మునాయుడు లెక్క వేసుకున్నాడు. ఈ చుట్టు పోతే ఓడ, ఓడ పోతే చెన్నై, చెన్నై పోతే మళ్లీ ఫోనులో మొహం. అదీ ఎన్నాళ్లో. అప్ప వయసు ఆయనకి తెలుసు. ఆ మోకాళ్లతో బల్లకట్టు ఎక్కి, కూర వండుకుని, ఎండలో కూర్చుంది. తను ఇక్కడ చల్లటి బస్సులో, మెత్తటి సీట్లో, తను రాసిన వాక్యం లోపల కూర్చున్నాడు. ఒక్క సందు కావాలి. ఆయన కళ్లు మూసుకుని నియమావళి మొత్తం మొదటి నుంచీ మనసులో చదువుకున్నాడు. ఇతరులు రాసినదానికి వంకలు పెట్టే మనిషి తన రాతకి తనే వంక వెతకడం అదే మొదలు. ద్వారాలన్నీ మూసేశాడు. కిటికీలు మూసేశాడు. జ్వరం, వాన, భూకంపం, అన్నిటికీ ఉపనిబంధనలున్నాయి. ‘సంఘ సభ్యులందరునూ’ పాటించవలెనని నియమావళి మొదట్లోనే ఉంది.

ఆయన కళ్లు తెరిచాడు. సభ్యుడు కానివాడి గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. సంఘం వదిలి వెళ్లిపోవాలనుకునే మనిషి ఒకడు ఉంటాడని ముసాయిదా రాసేటప్పుడు ఆయనకి తట్టనే లేదు.

బస్సు గడియార స్తంభం దగ్గర ఆగింది. తలుపు తెరుచుకుంది. లక్ష్మునాయుడు లేచి నిలబడ్డాడు.

బస్సంతా ఆయన వైపు తిరిగింది. "నాయుడు గారూ!" అని కార్యదర్శి గొంతు చించుకున్నాడు. "పైవారు పాదములు మోపలేదు!"

"నేను రాజీనామా చేస్తున్నానండీ."

"దేనికి?"

"సంఘానికి."

అలాంటి మాట ఆ సంఘంలో ఎవరూ వినలేదు. పరాంకుశం గారు మహానందయ్య గారి వైపు చూశారు. మహానందయ్య గారు చట్టం తెలిసిన మనిషి కాబట్టి తేరుకుని, "రాజీనామాను ఆమోదించవలసి యుండును గదా?" అన్నారు.

"నియమావళిలో లేదండీ."

"లేకపోవుటేమి? నీవే కదా రాసినది!"

"అవునండీ. అందుకే తెలుసు లేదని."

మెడలో వేలాడుతున్న గుర్తింపు బిళ్లని ఆయన తీశాడు. ‘చింతాడ లక్ష్మునాయుడు, సూపరింటెండెంటు (రి)’ అని దానిమీద బంగారు రంగు అక్షరాలు. దాన్ని సీటు మీద పడుకోబెట్టాడు. వరసల మధ్యలోంచి నడుచుకుంటూ, ఎవరి కాళ్లూ తొక్కకుండా, ఇద్దరు ఉపాధ్యక్షుల నడుమ నుంచి ఒంటిగా ఆ ఇరుకు తలుపులోకి వెళ్లాడు. ఒంటిగా వెళ్లేవాడికి తలుపు బాగానే సరిపోయింది. మెట్టు దిగాడు. ముందు ఒక పాదం మోపాడు, తరవాత రెండోది. నేల కాలుతోంది.

బస్సులో గందరగోళం మొదలైంది. "నేనూ రాజీనామా!" అని వెనక నుంచి సోమిదేవయ్య గారు అరిచారు. "నేనూ!" "నేనూ!" అని వరసలన్నీ లేచాయి. కార్యదర్శి రెండు చేతులూ చాచి దారికి అడ్డం నిలబడ్డాడు. "క్రమశిక్షణ! క్రమశిక్షణ! రాజీనామా చేసినచో సీనియారిటీ ప్రకారమే చేయవలెను. ముందు పైవారు!" అది సబబుగానే ఉందని అందరూ కూర్చున్నారు. ముందు వరస వైపు చూశారు.

పరాంకుశం గారు రాజీనామాకి నోరు తెరిచి, మహానందయ్య గారి వైపు చూసి, మూసుకున్నారు. మహానందయ్య గారు కూడా తెరిచి, చూసి, మూసుకున్నారు.

తలుపు మూసుకుంది. బస్సు కదిలింది. సీటు మీద బిళ్ల ఉంది కాబట్టి సీటు భర్తీ అయి ఉన్నట్టేనని కార్యదర్శి తలలు లెక్కపెట్టుకున్నాడు. లెక్క సరిపోయింది.

గున్నమ్మ బెంచీ మీంచి లేవలేకపోయింది. మోకాళ్లు పట్టేశాయి. కూర్చునే తమ్ముడి రెండు చేతులూ పట్టుకుని, మొహమంతా తడిమి, నెత్తి మీద చెయ్యి వేసి చూసింది. "బట్టతల వొచ్చీసిందిరా" అంది. ఇద్దరూ ఏడ్చారు, కాసేపు. పక్కనే ఉన్న ట్రాఫిక్ పోలీసు అటు తిరిగి వాహనాల వైపు చూశాడు.

ఆమె టిఫిను క్యారేజీ విప్పింది. పై గిన్నెలో అన్నం, కింది గిన్నెలో వంకాయా ఎండురొయ్యలూ. చల్లారిపోయింది. లక్ష్మునాయుడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, వెంటనే రెండోది కలుపుకున్నాడు. కారం సరిగ్గా అమ్మ వేసినంతే ఉంది. గున్నమ్మ గొడుగు ఇద్దరికీ పట్టి, తినేవాడినే చూస్తూ కూర్చుంది. ఓడ ఎదురుగానే కనిపిస్తోంది. కూత వేసేదాకా వీళ్లకి తొందర లేదు, లేచి నడిస్తే చేరిపోయే దూరమే.

రేవుకి పోవలసిన బస్సు మళ్లీ కనిపించింది. రేవు గేటు దగ్గర కూడా ఎవరూ దిగకపోవడంతో టాన్ మళ్లీ చుట్టు తిప్పుకొస్తున్నాడు కాబోలు. అద్దాల నిండా మొహాలు ఆనించి ఉన్నాయి. అందరి కళ్లూ టిఫిను క్యారేజీ మీదే. ముందు సీట్లలో ఇద్దరూ నిటారుగా, సమానంగా కూర్చుని ఉన్నారు. గున్నమ్మ మర్యాద తెలిసిన మనిషి కాబట్టి చెయ్యి ఊపింది. ఎవరు ముందు ఊపాలో తేలక బస్సులోంచి ఎవరూ ఊపలేదు. బస్సు మలుపు తిరిగింది.

"ఒరే లచ్చుమా" అంది గున్నమ్మ, ఇంకో ముద్దకి కూర వడ్డిస్తూ. "పొద్దున్నుంచీ ఆ బస్సులో ఏటి సేత్తన్నావురా?"

"ఆఫీసు పనప్పా."

"నువ్వు రిటైరైపోనావు గదేటి? పోయినేడు ఫోనులో సెప్పినావు."

లక్ష్మునాయుడు ఖాళీగా ఉన్న మెడ తడుముకున్నాడు.

"నేదప్పా" అన్నాడు. "ఇప్పుడే అయినాను."